గులాబీరంగు టబ్బు

తాడిగరువు,
20 ఫిబ్రవరి 1994.

హారతికి, మీ వదిన దీవెనలు.

సామర్లకోటలో ఇల్లు సర్దుకున్నావా? ట్రాన్స్‌ఫర్ పేరు చెప్పి భీమవరం నుంచి మిమ్మల్ని ఎత్తుకుపోయారు గాని, నాకు మనసు విప్పి మాట్లాడుకునే మనిషి లేకుండా పోయింది. ఫోనుంది నిజమే. అది హాల్లో ఉంది. నేను ఒక మాట అంటే రొయ్యల మేత ఏజెంట్లు నలుగురు వింటారు. అందుకే ఈ ఉత్తరం.

విశేషం ఏంటంటే, మనింట్లో టబ్బు వెలిసింది. ముందు మన పక్క చెరువుల గణేష్‌బాబుగారు పెట్టించారు కదా, తెల్లది. అది చూసొచ్చిన రోజు నుంచి మీ అన్నయ్యకి అన్నం సయించలేదు. మద్రాసు నుంచి రంగుల పుస్తకం తెప్పించి, పెళ్లికూతురి ఫొటోలు చూసినట్టు చూశారు. "తెల్లవి ఇప్పుడెవరూ పెట్టించడం లేదు సూర్యా. ఆస్పత్రిలా ఉంటుందంట. ఇప్పుడంతా గులాబీ, లేకపోతే చిలకపచ్చ. అందులోనూ గోడ మూలకి ఒదిగేది లేటెస్టు" అన్నారు. రొయ్యల చెరువు ఉన్న ప్రతివాడి ఇంట్లోనూ ఇప్పుడు ఇదే గోల. ఆడపిల్ల పెళ్లిచూపులకి వెళ్లినా ముందు స్నానాల గది చూపిస్తున్నారట.

మన పాత స్నానాల గదీ, పక్కనున్న కొట్టుగదీ కలిపేశారు. నా ఆవకాయ జాడీలు మెట్ల కిందకి వెళ్లాయి. నేల నుంచి కప్పు దాకా పలకలు, టబ్బు చుట్టూ నల్లరాయి గట్టు, గోడకి నిలువెత్తు అద్దం. ఒంటి మీద గుడ్డ లేకుండా నన్ను నేను అంత మొత్తంగా చూసుకోవడం నలభై ఏళ్లలో అదే మొదలు. టవలు తీసి అద్దం మీద కప్పాను.

మొదటి స్నానం నన్నే చేయమన్నారు. అబద్ధమెందుకు, కాసేపు హాయిగానే ఉంది. లేచి చూద్దును కదా, నీళ్ల మీద నా తలనూనె, ఒంటి పసుపు, రెండు వెంట్రుకలు. ఇంతసేపూ నేను నానింది ఇందులోనా అనిపించి ఒళ్లు గగుర్పొడిచింది. పెరట్లోకి వెళ్లి బకెట్టుతో మళ్లీ తలమీంచి పోసుకున్నాను. స్నానం చేశాక మైల స్నానం చేయాల్సిన స్నానం ఇదేనమ్మా.

పనిలోకి వచ్చిన మా సూరమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "ఇందులో ఊరబెట్టేదేంటండి?" అంది. మనుషులనే అని చెప్పాను. నమ్మలేదు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పు.

మీ వదిన,
సూర్యకళ.

*

సామర్లకోట,
6 మార్చి 1994.

వదినకి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లొచ్చాయి. సూరమ్మ మాట మా ఆయనకి, అదే మీ అన్నయ్యగారికి, చదివి వినిపిస్తే ఆయన కాఫీ ఒలకబోసుకున్నారు. కానీ వదినా, నిజం చెప్పనా, నాకు అసూయగా ఉంది. ఈ అద్దెకొంపలో స్నానాల గదికి తలుపు కూడా సరిగ్గా పడదు. పైన రేకు. ఎండకి మాడటం, వానకి తడవటం. నువ్వేమో గులాబీరంగు టబ్బులో కూర్చుని వెంట్రుకలు లెక్కపెడుతున్నావు!

ఇక్కడ ఫ్యాక్టరీ ఆఫీసర్ల క్వార్టర్స్‌లో ఒకావిడ ఉంది. వాళ్లు ఢిల్లీలో ఉండొచ్చారు. ఆవిడ చెప్పింది, టబ్బు స్నానం అయ్యాక పైన జల్లు కుళాయి కింద ఒకసారి నిలబడాలట. అదీ పద్ధతి. నీకు ఎవరూ చెప్పలేదు గాబట్టి అలా అనిపించింది. నీళ్లలో వేసే సబ్బుపొడి కూడా ఉంటుందట, నురగలో మురికి కనపడదు.

అన్నయ్యకి చిన్నప్పటి నుంచీ అంతే. పక్కవాడి దగ్గర ఉన్నది తన దగ్గర దానికన్నా పెద్దది ఉండాలి. గాలిపటమైనా అంతే, టబ్బయినా అంతే. మంచి మనిషి, మురిపెం ఎక్కువ. నువ్వు చిన్నబుచ్చకు.

"మంచినీళ్లు ధారగా వస్తున్నాయా, అడుగు" అన్నారు మీ అన్నయ్యగారు. వాటర్ ఇంజనీరు కదా, స్వర్గానికి వెళ్లినా ముందు కుళాయి తిప్పి చూస్తారు.

వేసవి సెలవుల్లో వచ్చి నీ టబ్బులో పడుకుంటాను. అద్దం మీద టవలు తీయకు.

హారతి.

*

తాడిగరువు,
29 మార్చి 1994.

హారతికి,

మంచినీళ్లు ధారగానే వస్తున్నాయని అన్నయ్యగారికి చెప్పు. మన బోరు నీళ్లు ఉప్పని నీకు తెలుసు కదా. చెరువులు తవ్వాక మరీ చేదెక్కాయి, సబ్బు నురగ రాదు. పంచాయతీ ట్యాంకు నుంచి విడిగా పైపు వేయించానన్నారు మీ అన్నయ్య. పర్మిషన్ ఉందన్నారు. సరేననుకున్నాను.

నేను రాయబోయేది అది కాదు. అన్నం తినే ముందు ఈ ఉత్తరం చదవకు.

టబ్బు మా కోసం పెట్టించారనుకున్నానా, కాదు. ఇప్పుడు మనింటికి ఎవరొచ్చినా, లైసెన్సులిచ్చే ఆఫీసరైనా, మేత కంపెనీ మేనేజరైనా, ముందు చెరువు గట్లు చూస్తారు. తర్వాత మేడ మీద సీసాలు తెరుస్తారు. ఆ తర్వాత "ఒకసారి మా టబ్బులో రిలాక్సవండి సార్" అని మీ అన్నయ్య చేయి పట్టుకుని తీసుకెళ్తారు. వాళ్లు తలుపేసుకుని, లోపల పాటలు పాడుతూ, గంటలకొద్దీ నానుతారు. వాళ్లు వెళ్లాక ఆ గదిలోకి వెళ్లాల్సింది మేము.

మొన్న శనివారం వచ్చినాయన పేరు రాయను. పెద్ద హోదా, పెద్ద పొట్ట. ఆయన వెళ్లాక నీళ్లు పోలేదు, గొట్టంలో ఏదో అడ్డుపడింది. బూడిదరంగు నీళ్లు, పైన జిడ్డు తెట్టె. అందులో తడిసి ఉబ్బిన సిగరెట్టు పీకలు. గులాబీరంగు అంచు చుట్టూ ఒంటి మట్టి గీత, ఏరు తీశాక గట్టు మీద మిగిలే చారలా. నల్లరాయి మీద కిళ్లీ ఉమ్మి. మిగిలింది వాసన. బ్రాందీ, వక్క, మనిషి, ఇంకా ఏదో. తర్వాత తెలిసింది, ఆయన నీళ్లలోంచి లేవడానికి బద్ధకించాడు.

సూరమ్మ చీపురు పట్టుకుని లోపలికెళ్లి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది. కాలవ పక్కన కూర్చుని కక్కింది. "మీ ఇంట్లో పేడెత్తానండి, పురిటి గుడ్డలుతికానండి. ఎప్పుడూ కాదన్లేదు. ఇది మాత్రం నావల్ల కాదండి. అది బిడ్డ మైల, గొడ్డు మైల. ఇది పొగరు మైలండి" అంది.

ఆమెను పంపలేకపోయాను. గొట్టంలో నేనే చెయ్యి పెట్టాను. ఏం వచ్చిందో రాయను. చేతులు ఎన్నిసార్లు కడిగినా, అన్నం కలుపుతుంటే ముద్ద నోటి దగ్గరికి రాలేదు. రెండు రోజులు చెంచాతో తిన్నాను.

మీ అన్నయ్యకి చెప్తే నవ్వారు. "ఆ సంతకం కోసం నాలుగు నెలలు తిరిగాను. టబ్బులో అరగంటలో పడింది. నువ్వు వాసనలు చూస్తావా?" అన్నారు.

ఆ రాత్రి ఆయన అదే టబ్బులో కూర్చుని నన్ను వీపు రుద్దమన్నారు. తలనొప్పి అని పడుకున్నాను.

సూర్యకళ.

*

సామర్లకోట,
11 ఏప్రిల్ 1994.

వదినకి,

ఉత్తరం అందింది. చదివి చాలా బాధపడ్డాను. అయినా వదినా, అంత వివరంగా రాయాలా? పిల్లల చేతికి దొరికితే చదువుతారు.

వ్యాపారం అన్నాక నలుగురొస్తారు. కొందరు మంచీ మర్యాదా తెలియనివాళ్లు ఉంటారు. అన్నయ్య వాళ్లను మోయడం కూడా మన ఇంటి కోసమే కదా. ఈ రోజు ఇంటి ముందు కారుందంటే, నీ చేతికి ఆ గాజులున్నాయంటే, ఊరికే వచ్చాయా? బ్లీచింగ్ పౌడరు వేసి వేడినీళ్లు పోస్తే గీత పోతుందట, క్వార్టర్స్ ఆవిడ చెప్పింది. గొట్టానికి జాలీ బిగించమని ప్లంబరు బుజ్జిబాబుకి చెప్పు. సూరమ్మకి అంత చనువివ్వకు. పనిమనిషి పొగరు గురించి మాట్లాడటమేంటి?

ఇంకో మాట. ఆ పైపు సంగతి నలుగురిలో అనకు. పర్మిషన్ ఉందంటే ఉందనే. ఊళ్లోవాళ్ల కళ్లు మంచివి కావు.

వేసవికి రాలేకపోవచ్చు. మీ అన్నయ్యగారికి సెలవు లేదు.

హారతి.

*

తాడిగరువు,
19 మే 1994.

హారతికి,

కాలవలు కట్టేసి నెల దాటింది. ట్యాంకులో ఉన్న నీళ్లతోనే జూన్ దాకా ఈదాలి. పైవీధి కుళాయిలకి రోజు విడిచి రోజు వదులుతున్నారు. చర్చి వెనక పేటకి అసలు ఎక్కడం లేదు. కుళాయి తిప్పితే గాలి వస్తుంది, ఈల వేసినట్టు. ఆడవాళ్లు బిందెలు వరసలో పెట్టి, వరసలో చోటు పోకుండా పిల్లల్ని కాపలా పెట్టి, ఎండిన కుళాయి కేసి చూస్తూ కూర్చుంటున్నారు. ఆ వరస మన మేడ మీంచి కనపడుతుంది. ఆ మేడ కింద గదిలో మీ అన్నయ్య పూటకోసారి టబ్బు నింపుకుంటున్నారు. ఎండలు కదా, ఒంటికి చలవట.

పేటవాళ్లు ఏం చేస్తారు? చెరువుల మురుగు కలిసే బోదె కాలవలో నీళ్లు ముంచుకుని గుడ్డతో వడబోసి తాగారు. పోయినవారం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇంటికొకరు మంచం పట్టారు. సూరమ్మ రెండు రోజులు పనిలోకి రాకపోతే చూసిరమ్మని మనిషిని పంపాను. భీమవరం ఆస్పత్రిలో ఉందన్నాడు.

వెళ్లాను. మంచాలు చాలక వరండాలో చాప మీద పడుకోబెట్టారు. సెలైను సీసా కిటికీ ఊచకి వేలాడుతోంది. కళ్లు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోయింది. "మీరెందుకొచ్చారండి, ఇక్కడ వాసనండి" అంది. హారతీ, మన గదిలో వాసన చూశాక ఈ వాసన నాకు వాసన అనిపించలేదు. ఆమె చెల్లెలు మరిడమ్మ పక్కన కూర్చుని విసురుతోంది.

ఇంటికొచ్చి ఏం చేశానో తెలుసా? మీ అన్నయ్య మద్రాసు వెళ్లారు. టబ్బు తోమాను. నాలుగుసార్లు తోమి, అంచుదాకా మంచినీళ్లు నింపి, వీధి తలుపు తెరిచి, వచ్చి ముంచుకోండని పేటకి కబురు పెట్టాను. నాకు నేనే గొప్పగా అనిపించాను కూడా.

మరిడమ్మతో పాటు ఐదారుగురు వచ్చారు. బిందెలు చంకలోనే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. మరిడమ్మ గులాబీరంగు చూసింది, అద్దం చూసింది, నన్ను చూసింది. "మొగోళ్లు కూర్చుని కడుక్కునే తొట్లో నీళ్లు మమ్మల్ని తాగమంటున్నారా అమ్మగారూ?" అంది. అరవలేదు. మామూలుగానే అంది. "బోదెలో నీళ్లు గేదెలు దిగినయ్యండి. గేదె నయమండి" అంది.

వెనక్కి తిరిగి వెళ్లిపోయారు. నేనే ఆ నీళ్లు గ్లాసుతో ముంచుకుని నోటి దగ్గర పెట్టుకున్నాను. తాగలేకపోయాను హారతీ. నేను తాగలేని నీళ్లు వాళ్లకి దానం చేయబోయాను.

మర్నాడు బుజ్జిబాబుని పిలిచి, ఈ పైపు మనింటికి కాకుండా పేటకి మళ్లించడం అవుతుందా అని అడిగాను. తల గోక్కుంటూ, "అసలు ఇది బడికి వెళ్లాల్సిన లైనేనండి. కాగితం మీద ఎలిమెంటరీ స్కూలనే ఉందండి. మీ హారతమ్మగారి ఆయన దగ్గరుండి వేయించారు కదండీ. బడి గోడ దాకా వచ్చాక ఇటు తిప్పమన్నారండి" అన్నాడు.

పిల్లలు తాగాల్సిన నీళ్లట. అందులో ఆ పెద్ద పొట్టాయన సిగరెట్లు ముంచాడు. మీ అన్నయ్య నడుం చాపారు. నేనూ కూర్చున్నాను.

ఒకటే అడుగుతున్నాను. నీకు తెలుసా?

సూర్యకళ.

*

సామర్లకోట,
24 మే 1994.

వదినా,

తెలుసు.

అన్నయ్య అడిగాడు. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు వచ్చాక ఆఖరి వారంలో. బావమరిది అడిగితే ఎలా కాదంటారు? బడికి తర్వాత ఇంకో లైను వేయిద్దాంలే అన్నాడు అన్నయ్య. ఈయన నమ్మారు. నమ్మినట్టు ఉన్నారు. నేను టిఫిను పెడుతూ విన్నాను. ఏమీ అనలేదు.

ఇప్పుడు నువ్వు ఇది బయటపెడితే అన్నయ్యకేం కాదు. రొయ్యల రాజు, డబ్బు మీద తేలిపోతాడు. పోయేది ఈయన ఉద్యోగం. నా పిల్లలు. నీ కాళ్లు పట్టుకుంటాను వదినా, బుజ్జిబాబుని నోరు మూసుకోమను.

నాకు పాఠం చెప్పకు. నువ్వు ఫిబ్రవరి నుంచీ ఆ నీళ్లు వాడుకున్నావు. ఎక్కణ్ణుంచి వచ్చాయని ఒక్కసారి అడిగావా?

హారతి.

*

తాడిగరువు,
4 జూన్ 1994.

హారతికి,

నువ్వన్నది నిజం. అడగలేదు. కుళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి కదా అనుకున్నాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, బాగా ఆలోచించి ఒక పని చేశాను. భయపడకు, పూర్తిగా చదువు.

ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. బుజ్జిబాబుని పిలిచి, "కాగితం మీద లైను ఎక్కడికుంది?" అని అడిగాను. "బడికండి." "అయితే బడికే వెయ్యి" అన్నాను. "రాజుగారు నన్ను చంపేస్తారండి" అన్నాడు. "చెప్పింది నేను. పక్కన నిలబడతాను" అన్నాను. ఎండలో గొడుగేసుకుని నిలబడ్డాను. మన ప్రహరీ దగ్గర పైపు కోసి, బడి గోడకి తీసుకెళ్లి, బయటివైపు మూడు కుళాయిలు బిగించాడు. బడి గోడకీ పేటకీ మధ్య సందే కదా. మొదట తుప్పునీళ్లు వచ్చాయి, తర్వాత తేటగా. ఎవర్నీ పిలవలేదు. నీళ్ల చప్పుడు విని వాళ్లే వచ్చారు. మరిడమ్మ దోసిట్లో పట్టి వాసన చూసి, తాగి, అప్పుడు బిందె పెట్టింది.

ఇప్పుడు కాగితం మీద ఉన్నదీ, నేల మీద ఉన్నదీ ఒకటే. అన్నయ్యగారి ఉద్యోగానికి ఎవడూ వంక పెట్టలేడు.

మళ్లీ మద్రాసు వెళ్లిన మీ అన్నయ్య మర్నాడు తిరిగొచ్చారు, వెంట ఇద్దరు ఎగుమతి కంపెనీ వాళ్లతో. సరాసరి వాళ్లను ఆ గదిలోకే తీసుకెళ్లారు. లోపల్నుంచి కేక.

"సూర్యా! నీళ్లు రావట్లేదేంటి?"

"వస్తున్నాయండి. బడి దగ్గర వస్తున్నాయి" అన్నాను.

అతిథుల ముందు నవ్వారు. వాళ్లు వెళ్లాక నవ్వలేదు. ఏమన్నారో ఎందుకులే. ఆ తిట్లు నా పుట్టింటి దాకా వెళ్లాయి. "రేపు పొద్దున్నే బుజ్జిబాబు చేతే మళ్లీ ఇటు తిప్పిస్తాను, చూస్తూ ఉండు" అన్నారు.

తెల్లారేసరికి బడి గోడ దగ్గర డెబ్బై బిందెలున్నాయి. మీ అన్నయ్య వరండాలో నిలబడి చూశారు. అంతమంది ఆడవాళ్ల ముందు పైపు కోయించే ధైర్యం ఆయనకి లేదు. ఇంతలో పంచాయతీ ప్రెసిడెంటు వీరాస్వామిగారు దండంపెడుతూ వచ్చారు. "పేట ప్రాణాలు నిలబెట్టారు గంగరాజుగారూ" అన్నారు.

హారతీ, నేను కాఫీ పట్టుకుని పక్కనే ఉన్నాను. మీ అన్నయ్య గొంతు సవరించుకుని ఏమన్నారో తెలుసా? "చిన్న పిల్లలండి. మనసు ఆగలేదు" అన్నారు.

ఆ టబ్బులో ఏం చూసినా నాకు ఇంత రోత పుట్టలేదు.

సూర్యకళ.

*

సామర్లకోట,
27 జూన్ 1994.

వదినా,

మొన్న మీ ఊరొచ్చి, మీ గడప తొక్కకుండా తిరిగొచ్చాను. కుళాయిల ప్రారంభోత్సవానికి ఈయన్ని పిలిచారు కదా. "ఇంటికెళితే మీ వదిన ఏదో ఒకటంటుంది, ఆలస్యమవుతుంది" అన్నారు. నాకూ నీ మొహం చూసే ధైర్యం లేకపోయింది. నువ్వు రాలేదు గనుక అక్కడ జరిగింది రాస్తున్నాను.

మూడు వారాలుగా పారుతున్న కుళాయిలకి రంగుకాగితాలు చుట్టి, నీళ్లు ఆపి, మళ్లీ 'ప్రారంభించారు'. బడి తెరిచారుగా, పిల్లల్ని ఎండలో నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. అన్నయ్యకి గజమాల. ఈయనకి శాలువా, మల్లెపూల దండ. ముందుచూపుతో లైను శాంక్షన్ చేసిన ఇంజనీరుగారట. ఈయన మైకులో మాట్లాడారు. నీరే ప్రాణం అన్నారు. నేను తల దించుకుని చెప్పుల కేసి చూస్తూ కూర్చున్నాను.

ఫొటో కోసం మొదటి బిందె సూరమ్మ చేత పట్టించారు. సగం మనిషయిపోయింది వదినా. బిందె ఎత్తలేకపోతే ఇంకెవరో పట్టుకున్నారు. రెండు ముక్కలు చెప్పమని మైకు నోటి దగ్గర పెడితే, అటూ ఇటూ చూసి, "మా అమ్మగారేరండి?" అంది. అన్నయ్య మైకు లాక్కుని, "ఇంట్లో ఆడవాళ్లకి కొంచెం నలతగా ఉంది" అన్నాడు. పిల్లలు దానికీ చప్పట్లు కొట్టారు.

తిరుగు బస్సులో ఈయన దండ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. తణుకు దాటాక, "చూశావా, మన చేతుల మీదుగా ఎంత మంచి పని జరిగిందో" అన్నారు.

"మన చేతులా?" అన్నాను.

"కాగితం మీద సంతకం నాదే కదే!"

ఆయన అబద్ధమాడటం లేదు వదినా. నిజంగా నమ్మేశారు. ఆ మొహంలో ఎంత తృప్తో! మల్లెలు ఎండకి వడిలి కుళ్లు వాసన కొడుతున్నాయి. కిటికీ తీసి తల బయటపెట్టాను. బస్సు పడలేదేమో అని వీపు నిమిరారు. ఆ చెయ్యి తీసేయమన్నాను.

మార్చిలో ఆయన కుళాయి సంగతి అడగమన్నప్పుడు నవ్వుతూ రాశాను చూడు, అది గుర్తొస్తే ఒళ్లు మండుతోంది. సూరమ్మకి చనువివ్వొద్దని నీకు చెప్పాను కూడా. ఏ మొహంతో చెప్పానో.

రాయి. తిట్టినా సరే.

హారతి.

*

తాడిగరువు,
15 సెప్టెంబరు 1994.

హారతికి,

నిన్ను తిట్టడానికి నాకు ఓపిక లేదమ్మా. ఇక్కడే చాలా ఉంది. జూలైలో నువ్వు పంపిన చీర సూరమ్మకిచ్చాను. ఎవరిచ్చారంటే నీ పేరే చెప్పాను. కట్టుకుంది.

మీ అన్నయ్య పంతానికి రెండు నెలలు ఉప్పునీళ్లతో టబ్బు నింపుకున్నారు. గులాబీరంగు మీద తెల్లటి పెచ్చులు కట్టాయి. కుళాయిలు పచ్చగా చిలుమెక్కాయి. ఆయన ఒళ్లంతా దద్దుర్లు లేచి, గోక్కుని గోక్కుని రసి కారి, పక్క దుప్పట్లకి అంటుకునేది. మందు వాసనతో పక్కన పడుకోలేక చాప వేసుకున్నాను. అయినా మానలేదు. గణేష్‌బాబుగారి టబ్బు పని చేస్తున్నన్నాళ్లూ ఈయనదీ పని చేయాలి కదా.

పోయిన సోమవారం టబ్బు పీకించేశారు. సిగ్గుపడి అనుకున్నావా? నేనూ అలాగే అనుకుని, నిజం చెప్తున్నాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. కాదు. గణేష్‌బాబుగారు హైదరాబాదు హోటల్లో చూసొచ్చారట. ఇప్పుడు టబ్బులు పాతబడిపోయాయట. గాజు తలుపుల గదిలో నిలబడితే నాలుగువైపుల నుంచీ నీళ్లు కొట్టడం కొత్త పద్ధతట. మళ్లీ రంగుల పుస్తకం వచ్చింది. బడి లైను జోలికి వెళితే నేను వీధిలో నిలబడి జరిగిందంతా చెప్తానని చెప్పాను. వెళ్లనన్నారు. లారీలతో తెప్పించుకుంటారట, తెప్పించుకోనీ.

నేను పెరట్లో రేకు కింద బకెట్టు పెట్టుకుని పోసుకుంటున్నాను. ఆ గదిలోకి ఇక వెళ్లను. ఈ మాట ఆయనకీ చెప్పాను.

అసలు సంగతి ఇది. టబ్బు తీసేస్తున్నారని విని అన్నయ్యగారు ఫోన్ చేశారు. హాల్లో మీ అన్నయ్య చెప్తుంటే విన్నాను. "పారేసేదుంటే మాకిచ్చెయ్యండి బావగారూ, హారతి ఎప్పటి నుంచో ముచ్చట పడుతోంది" అన్నారట. మీ అన్నయ్య గడ్డి చుట్టించి సామర్లకోట వెళ్లే లారీ ఎక్కించారు. ఉత్తరం కన్నా లారీ ముందే వస్తుందేమో. పెచ్చులు గీకించారు గాని అంచు చుట్టూ ఆ గీత పోలేదు.

నీకు తెలియాలని రాశాను. ఏం చేస్తావో నీ ఇష్టం.

సూర్యకళ.

*

సామర్లకోట,
21 సెప్టెంబరు 1994.

వదినా,

ఉత్తరమూ లారీ ఒకే రోజు వచ్చాయి. ఉత్తరం ఒక గంట ముందు వచ్చింది, మన అదృష్టం.

ఈయన ఆఫీసుకి సెలవు పెట్టి వీధి అరుగు మీద కూర్చున్నారు. చుట్టుపక్కల వాళ్లంతా బయటికొచ్చారు. గడ్డిలోంచి గులాబీరంగు కనపడగానే క్వార్టర్స్ ఆవిడ "మీరు కూడా పెట్టిస్తున్నారా!" అంది. నలుగురు కూలీలు తాళ్లు పట్టుకున్నారు. నేను వెళ్లి లారీకీ గుమ్మానికీ మధ్య నిలబడ్డాను.

"దింపొద్దు" అన్నాను.

"అదేంటి హారతీ, నువ్వే కదా కావాలన్నావు" అన్నారు ఈయన.

"అన్నాను. అప్పుడు అందులో ఏముందో తెలీదు. ఇది లోపలికొస్తే నేను బయటికెళ్తాను" అన్నాను. నెమ్మదిగా అనలేదు. వీధంతా విన్నది. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయారు.

"ఎక్కడ దింపాలమ్మా మరి?" అన్నాడు డ్రైవరు.

"ఎక్కణ్ణుంచి వచ్చిందో అక్కడికే పట్టుకెళ్లు బాబూ. ఆ గీత ఎవరిదో వాళ్లింట్లోనే ఉండాలి" అన్నాను.

లారీ వెనక్కి తిరగడానికి ఆ ఇరుకు వీధిలో చాలాసేపు పట్టింది. అంతసేపూ అందరూ చూస్తూనే ఉన్నారు. ఆయన లోపలికెళ్లి తలుపేసుకున్నారు. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఇల్లు నిమ్మళంగా ఉంది.

దసరా సెలవులకి పిల్లల్ని తీసుకుని నేనొక్కదాన్నే వస్తున్నాను. ఈసారి నేరుగా మీ గడపే తొక్కుతాను. పెరట్లో నాకూ ఒక బకెట్టు పెట్టించు.

హారతి.